తువ్వాలు వేసిన సీటు

హనుమాన్ జంక్షన్‌లో బస్సు ఆగీ ఆగకముందే కిటికీలోంచి ఎర్రగళ్ళ తువ్వాలొకటి వచ్చి సీట్లో పడింది.

తోసుకుంటూ ఎక్కిన హెప్సిబా దాన్ని పక్కకు జరిపి కూర్చుంది.

తువ్వాలు వేసిన సీటు ఇంకొకరిదని ఆ దారిలో తెలియనివాళ్ళుండరు. ఆమెకూ తెలుసు. కానీ ఆ రోజు ఆమెకు ఏ మర్యాదా గుర్తులేదు.

తువ్వాలు ఆసామి వచ్చాడు. మాసిన పంచె, రబ్బరు చెప్పులు, బాగా ముసలాయన.

"లేవమంటారా అండీ?" అంది, లేవకుండానే.

"కూర్చోమ్మా. సర్దుకుంటే ఇద్దరం పడతాం."

ఆమె ఒళ్ళో ఫైలు చూశాడు.

"ఉద్యోగానికా?"

"చదువుకండీ. పటమటలో ఇంటర్వ్యూ. దేశాల మధ్య వ్యాపారం ఉంటుంది కదా, ఆ లా చదవడానికి. సెలెక్టయితే జెనీవా పంపిస్తారు."

"ఎవరు పంపిస్తారు?"

"ఇక్కడి ట్రస్టేనండీ. మనలాంటి దేశాల తరఫున వాదించే లాయర్లు తయారవ్వాలని ఎవరో పెద్దాయన పెట్టారట. పేరు చెప్పుకోరు."

"నీకెందుకమ్మా ఆ చదువు?"

హెప్సిబా కిటికీ వైపు తిరిగింది.

"మా నాన్నవి రొయ్యల చెరువులండీ. సరుకు వెళ్ళిన కంటైనర్ని అవతలి దేశం వెనక్కి పంపేసింది. ఎందుకు పంపారో, ఇదన్యాయం అని అడగొచ్చో లేదో, చెప్పినవాళ్ళే లేరు. చెరువులు పోయాయి. ఆ దిగులుతో నాన్నా పోయాడు."

ముసలాయన ఆమె ఒళ్ళో ఫైలు వైపు మళ్ళీ చూశాడు.

"చదువుకుని వచ్చాక నీ కుర్చీ ఎక్కడ వేసుకుంటావు?" అన్నాడు.

ఇదేం ప్రశ్న అనుకుంది హెప్సిబా.

"ఢిల్లీలోనండీ. పెద్ద పెద్ద ఆఫీసులన్నీ అక్కడే కదా."

"మన చెరువుగట్ల మీద వేసుకోవా?"

ఆమెకు నవ్వొచ్చింది.

"గట్టు మీద కూర్చుంటే లా ఎవరడుగుతారండీ?"

"మీ నాన్న అడిగేవాడు కదమ్మా."

హెప్సిబా నవ్వు ఆగిపోయింది.

గన్నవరం దగ్గర వాన పట్టుకుంది. కిటికీ అద్దం సరిగా పడలేదు. ముసలాయన తన తువ్వాలు తీసి ఫైలు మీద కప్పాడు.

"సర్టిఫికెట్లు తడిస్తే కష్టం. నాదేముంది, ఆరిపోతాను."

బెంజ్ సర్కిల్ వచ్చేసరికి బాగా ఆలస్యమైంది. హెప్సిబా గబగబా లేచింది.

"నేనూ ఇక్కడేనమ్మా. ఆయాసంగా ఉంది, కాస్త చెయ్యందించు," అన్నాడు ముసలాయన. ఆయన నుదురంతా చెమట.

ఆమె ఒక్క క్షణం ఆగింది. ఈ చదువు తప్పిపోతే ఆమెకు ఇంకో దారి లేదు.

"టైమైపోయింది తాతగారూ, ఏమనుకోకండి. కండక్టర్ గారూ, ఈయన్ని కాస్త దింపండి!"

దిగి, నాలుగడుగులు పరుగెత్తి, వెనక్కి చూసింది. బస్సు కదిలిపోతోంది. కిటికీలో ఆయన తల ఇంకా అక్కడే ఉంది.

బాధపడడం ఇంటర్వ్యూ అయ్యాక చూసుకుందామనుకుంది.

పటమట ఆఫీసులో మధ్యాహ్నం దాకా కూర్చోబెట్టారు. ఆ తర్వాత గుమాస్తా వచ్చి చెప్పాడు.

"ఇవాళ ఇంటర్వ్యూలు లేవండీ. ఛైర్మన్ గారు రాలేకపోయారు. వచ్చే వారం రండి."

ఈ మాత్రానికి అంత పరుగెందుకు పెట్టానా అని ఏడుపొచ్చింది హెప్సిబాకు. ఫైలు మీద తువ్వాలు ఇంకా తడిగానే ఉంది.

మరుసటి వారం హనుమాన్ జంక్షన్‌లో బస్సు ఆగీ ఆగకముందే కిటికీలోంచి ఎర్రగళ్ళ తువ్వాలు వేసింది హెప్సిబా. ఉతికి, ఇస్త్రీ చేసి తెచ్చింది. ముసలాయన కనిపిస్తే క్షమించమని అడగాలి.

"మావాళ్ళొస్తారండీ," అంటూ పక్క సీటు కోసం ఎక్కినవాళ్ళందరితో పోట్లాడింది.

బస్సు గన్నవరం దాటింది. ఎవరూ రాలేదు. నిలబడ్డ ఒకావిడకు సీటిచ్చి, తువ్వాలు మడిచి ఒళ్ళో పెట్టుకుంది.

ఇంటర్వ్యూ గదిలో మూడు కుర్చీలున్నాయి. మధ్య కుర్చీ ఖాళీగా ఉంది.

"కూర్చోమ్మా," అంది ట్రస్టు సభ్యురాలు శ్రీదుర్గ. ఆమె గొంతు బొంగురుగా ఉంది. "మా ఛైర్మన్ గారు కిందటి వారం కాలం చేశారు. ఎవరొచ్చినా మొదటి ప్రశ్న ఆయనే అడిగేవారు. ఈసారి ఆయన మాటల్లోనే నేనడుగుతాను."

హెప్సిబా నిటారుగా కూర్చుంది. చదవాల్సిన చట్టమంతా కంఠతా వచ్చు. ఏది అడిగినా చెప్పగలదు.

శ్రీదుర్గ ఖాళీ కుర్చీ వైపు ఒకసారి చూసి అడిగింది.

"చదువుకుని వచ్చాక నీ కుర్చీ ఎక్కడ వేసుకుంటావు?"