మబ్బుల్ని తరిమే విమానం

"ఇదో, ఊరంతా మనింటికే వస్తాండారు. ఆ ఇమానాన్ని యాడన్నా దాచిపెట్టు" అంది సువర్ణ, వీధి తలుపు గడియ వేస్తూ.

మార్కండేయ కిటికీలోంచి తొంగి చూశాడు. ముందు బసప్ప, పక్కన తిరుపాలమ్మ, వెనక సగం ఊరు. అందరి చేతులకూ మట్టే. పడమటి దిక్కున నల్లటి మబ్బు కమ్ముకొస్తోంది.

మార్కండేయ వైమానిక దళంలో, కొత్త పైలట్లు నేర్చుకునే టర్బోప్రాప్ విమానాలకు మెకానిక్‌గా పనిచేసి సొంతూరు చేరాడు. తోటివాళ్లు పేకాటలో పడే వయసులో, ఆయన అలాంటి విమానాన్నే బారెడు రెక్కలతో తయారుచేసి రిమోట్‌తో ఎగరేయడంలో పడ్డాడు. ఏడాది పట్టింది దాన్ని చేయడానికి. కన్నబిడ్డను కూడా అంత మురిపెంగా చూసుకోలేదని సువర్ణ దెప్పుతూ ఉంటుంది.

ఖర్మ కాలి, వేరుశనగ విత్తనాలు వేసే రోజుల్లో అది బీడు మీద గిరికీలు కొడుతుండగా, నెత్తిన ఉన్న మబ్బు కాస్తా కణేకల్ వైపు వెళ్లిపోయింది. విమానమే వానను తరిమేసిందని ఊరు తేల్చేసింది. గాలివాటం గురించి ఆయన చెప్పిన పాఠం ఒక్కరూ చెవిన పెట్టలేదు. "ఇంకోసారి ఎగిరిందంటే నిన్నూ దాన్నీ కలిపి ఊరు దాటిస్తాం" అన్నాడు బసప్ప. విమానం అటకెక్కింది.

నిన్న మనసాగక, ఎవరూ చూడట్లేదనుకుని కొంచెంసేపు ఎగరేశాడు.

తలుపు దబదబలాడింది. గడియ తీయక తప్పలేదు.

"మిలిట్రీ అన్నా, నిన్న బీడులో ఇమానం ఎగిరిందంట కదా?" అడిగాడు బసప్ప.

"రవ్వంతసేపేనప్పా."

"బాగానే ఎగిరిందా?"

ఎంత ఎత్తిపొడుపు అనుకున్నాడు మార్కండేయ. "తప్పయింది బసప్పా."

"అది కాదన్నా, మేం వచ్చింది..."

"ఎందుకొచ్చినారో తెలుసులేప్పా."

"తెలిస్తే ఇంకా చూస్తావేమి? దాన్ని బయటికి తియ్యి. మోడం దగ్గరికొచ్చేసింది" అంది తిరుపాలమ్మ, పడమటి మబ్బు వైపు చెయ్యి చూపిస్తూ.

సువర్ణ లోపలికెళ్లి విమానాన్ని తెచ్చి భర్త చేతుల్లో పెట్టింది. "ఊరితో పగ మనకొద్దు. దీని పీడ వదిలించెయ్."

మార్కండేయకు ఏడుపొచ్చింది. ఇక ఎగరేయనని అందరి ఎదుటా ఒట్టు వేసినా నమ్మరని తెలుసు. "అన్నా, ఆగు" అని బసప్ప అనేలోపే, కళ్లు మూసుకుని రెక్కను మోకాలికి ఆనించి ఫటుక్కున విరిచేశాడు. ఆ ఊపులోనే రెండోదీ విరిచాడు.

"చాలా? ఇప్పుడు మీకు సంతోషమేనా?"

తిరుపాలమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. బసప్ప తల పట్టుకుని గడప మీదే కూలబడ్డాడు.

"చెనిక్కాయ పీకి చేన్లో ఆరేసినాం, ఈ మోడాన్ని తరమమని అడగను వచ్చినామన్నా."