పొదకు కట్టిన పేలిక

రాళ్ల వలయంలోని ఒక రాయి కింద కల్‌మూర్జా గడ్డపార దించబోయేసరికి, ముసలాయన వచ్చి ఆ రాయి మీదే కూర్చున్నాడు.

"లే తాతా! నాకు బోలెడు పనుంది."

"ఇది సమాధి నాయనా. వేరే రాళ్లు చూసుకో."

"ఎవరిది?"

"పేరు నాకూ తెలీదు."

"పేరే తెలీనివాడి కోసం నా మందని తోడేళ్లకి వదిలెయ్యమంటావా? పోయిన చలికాలం పదకొండు గొర్రెలు పోయాయి. రాతి దొడ్డి కట్టకపోతే ఈసారి ఒక్కటీ మిగలదు!"

ముసలాయన ఎక్కడివాడో ఎవరికీ తెలియదు. ఎప్పుడో వచ్చి, ఊరి గుర్రాలు కాస్తూ, ఆ రాళ్ల వలయం పక్కనే గుడారం వేసుకున్నాడు. కాస్త తిక్క మనిషని ఊరంతా అనుకునేది.

"సాయంత్రం బండి తెస్తా. అప్పుడూ లేవకపోతే నిన్నూ ఎత్తి బండిలో వేస్తా," అని కల్‌మూర్జా వెళ్లిపోయాడు.

సాయంత్రం ముసలాయన లేడు. రాళ్ల మధ్యనున్న ముళ్లపొదకు మాత్రం తెల్లటి గుడ్డపేలిక కట్టి ఉంది.

బండిలోంచి భార్య సైరాగుల్ గబగబా దిగింది.

"అయ్యో, ఎవరో మొక్కుకున్నారు! ఇది ఎవరో ఔలియా, మహాత్ముడు, పడుకున్న చోటయ్యా. రాయి ముట్టావంటే నీతో ఇంటికి రాను!"

"పొద్దున లేని ఔలియా ఇప్పుడెక్కణ్ణుంచి ఊడిపడ్డాడే?" అన్నాడే గానీ, కల్‌మూర్జాకు చెయ్యి రాలేదు.

ఆమె తలగుడ్డ అంచు చింపి రెండో పేలిక కట్టింది.

ఆ వేసవంతా కల్‌మూర్జా ముసలాయన్ని తిట్టుకుంటూ ఏటి నుంచి రాళ్లు మోసి దొడ్డి కట్టాడు. మంద దక్కింది. ఏడేళ్లలో పొద పేలికలతో నిండిపోయింది.

మొన్న చలికాలంలో ముసలాయన పోయాడు. ఆయన పెట్టెలో మెడ చుట్టూ కుట్టుపని ఉన్న ఒక తెల్లచొక్కా దొరికింది. దాని అంచు చింపి ఉంది. ఎందుకో ఎవరూ ఆలోచించలేదు.

మంచు కరిగాక, పురాతన సమాధుల తవ్వకాలు చేసే ఒకామె పట్నం నుంచి పాత పటం పట్టుకుని వచ్చింది. రాళ్లు ఒకటికి రెండుసార్లు లెక్కపెట్టి ఏడ్చేసింది.

"నలభై ఒకటీ ఉన్నాయన్నా! ఈ లోయలో మిగతా సమాధులన్నీ గొర్రెల దొడ్లయిపోయాయి. మూడు వేల ఏళ్లనాటిది ఇదొక్కటే మిగిలింది. ఇక దీన్నెవరూ కదపలేరు, కంచె వేయిస్తాం."

"మూడు వేలా? మరి ఔలియా?"

"అప్పటికి మన మతమే పుట్టలేదన్నా."

కల్‌మూర్జాకు చింపిన చొక్కా గుర్తొచ్చింది. ముసలాయన తనను ఎంత తెలివిగా ఆపాడో తెలిసి ముందు నవ్వొచ్చింది, ఆపైన సిగ్గేసింది.

"దీన్ని కనిపెట్టింది మా గురువుగారు," అందామె సంచి వెతుకుతూ. "పని ఆగిపోయి మేమంతా పట్నం వెళ్లిపోయాం. ఆయన ఒక్కరే తిరిగి రాలేదు. ఏమయ్యారో ఇప్పటికీ తెలీదు."

ఆమె అందించిన ఫొటోలో, అదే రాయి మీద, అంచు చిరగని అదే తెల్లచొక్కాతో నవ్వుతూ కూర్చుని ఉన్నాడు, ఊరి గుర్రాలు కాసిన ముసలాయన.