రాతి మీద పెట్టె

హాతీరాం గొడ్డలి తిరగేసి కొట్టిన రెండో దెబ్బకు పెట్టె పగిలింది.

తండా వెనక నల్లరాతికి ఆ జీపీఎస్ పెట్టెను బోల్టులతో బిగించింది తబస్సుం. ఖమ్మం నుంచి ఒక్కతే వచ్చి, రెండు నెలలుగా తండాలోనే కిరాయికి ఉంటోంది.

ఆమె పరుగున వచ్చేసరికి అంతా అయిపోయింది.

“మా భూములు కొలిచి ఎవరికిద్దామని?” హాతీరాం రొప్పుతున్నాడు. “గీ మిషన్ పెట్టిన కాడల్లా జాగ పోతదట. నిన్న మండలంల చెప్పిండ్రు.”

“భూమి కొలవడానికి కాదు పెద్దాయనా. నీళ్ళు కొలవడానికి.”

“రాయి మీద నీళ్ళేంది?”

తబస్సుం ముక్కలు ఏరుతూ చెప్పింది.

“గోదారి వరద తీసినా నీళ్ళు భూమిలనే ఉంటయి. ఆ బరువుకు ఈ రాయి గోరు మందమంత కిందికి దిగుతది. నీళ్ళు పోతే లేస్తది. పైనున్న ఉపగ్రహాలతో అది తెలుస్తది. గ్రీన్‌లాండ్ మంచుల ఆరేండ్లు నేను ఇదే పని చేసిన. కరిగిన నీళ్ళు అప్పుడే సముద్రంల కలిసినయనుకుంటం. కాదు, వారాల తరబడి మంచు లోపల్నే దాగుంటయి. చుట్టూ ఉన్న రాళ్ళే ఆ సంగతి చెప్తయి.”

“మా నీళ్ళ సంగతి మాకు రాయి చెప్పాల్నా?” అంది హాతీరాం కోడలు హేమ్లి. “దీపావళి దాకా మా గోడలు చెమ్మనే. పోయినేడు నా పిల్ల ఆ చెమ్మకే దగ్గి దగ్గి పోయింది.”

“మీకు కాదు. నీళ్ళు అంతదాకా ఉంటయని సర్కారు ఆఫీసుల చూపియ్యాలె.”

హాతీరాం నవ్వాడు. ఆ నవ్వు ఏడుపులా ఉంది.

“మిట్ట మీద జాగ ఇయ్యుండ్రని పదేండ్ల సంది తిరుగుతున్న. ఎవడో ఇంజినీరు తండా మొఖం చూడకుండ రాసిండు, నాలుగు రోజుల్ల నీళ్ళు పోతయని. గా ఒక్క ముక్కతోని మమ్ముల ఈడనే ముంచిండు.”

తబస్సుం ఏరిన ముక్కలు సంచిలో వేసుకుంది.

“ఇంకో పెట్టె తెస్త. దీపావళి దాకా ఉండనియ్యుండ్రి.”

“వద్దు. జల్దీ పో.”

హేమ్లి ఒక్కతే ఆమె సంచిని రోడ్డు దాకా మోసింది.

“మామ మీద కోపం పెట్టుకోకు అక్కా.”

“నీ పిల్ల పేరేంది?”

“పేరు పెట్టక ముందే పోయింది.”

బస్సు వచ్చేదాకా తబస్సుం తలెత్తలేదు.

పుష్యమాసంలో ఆఫీసు నుంచి కాగితాలు వచ్చాయి. హేమ్లి భర్త రాందాస్ చదివాడు.

“మనకు మిట్ట మీద జాగ ఇయ్యాలని ఆ తబస్సుం మేడం అర్జీ పెట్టిందట నాయనా. కొట్టేసిండ్రు. కొలతలు రెండు నెలలకే ఆగిపోయినయట. అందుకని పాత రిపోర్టే ఖాయమట.”

హాతీరాం మూలనున్న గొడ్డలి వైపు చూశాడు.

“ఇగ మళ్ళ అడగరాదా?” అంది హేమ్లి.

“ఇదే ఆఖరట.”

“గంత చేసే మనిషి మనకు ఒక్క మాట చెప్పకపాయె. ఎందుకు దాచింది?”

రాందాస్ చివరి కాగితం తిప్పాడు. అది తబస్సుం పెట్టిన అర్జీ నకలు. అందులో మొదటి వాక్యం దగ్గర ఆగి, పెళ్ళాం మొహం చూడలేక కాగితంలోకే చూస్తూ చదివాడు.

“ఆనాడు ఆ తండాను చూడకుండానే రిపోర్టు రాసిన ఇంజినీరును నేనే, నేను రాసింది తప్పు అని రుజువు చేయడానికి నాకు అనుమతి ఇవ్వండి.”