గడ్డకట్టిన చెరువు

"ఉచిత పుస్తకం. లింకు గ్రూపులో పెట్టాను, అందరి ఫోన్లలోనూ ఉంది. అయినా చదవరు!"

ఫిజిక్స్ లెక్చరర్ అనూరాధ గౌరీశ్వరి జవాబు పత్రాన్ని బల్ల మీద పడేసింది. దువ్వాడ కాలేజీలో ఆ డిజిటల్ పుస్తకం పెట్టించడానికి ఆమె ప్రిన్సిపాల్‌తో ఏడాదిపాటు పోరాడింది. తీరా చూస్తే ఉష్ణం పాఠం పరీక్షలో సగం క్లాసు తప్పింది.

ఎదురుగా నిలబడ్డ గౌరీశ్వరి ఫిషింగ్ హార్బర్ నుంచి వచ్చే జాలరి పిల్ల.

"సదివేను మేడం. ఎన్నిసార్లు సదివినా ఆ చెరువు కాడే ఆగిపోతన్నాను."

"ఏ చెరువు?"

"పాఠంలోది మేడం. సలికి చెరువు గడ్డ కట్టేసిందట. దాని మీద కూకొని, కన్నం పెట్టి సేపలు పడతన్నారట. ఇంట్లో సెప్తే మా నాన్న నవ్వీసేడు. నాకు ఏడుపొచ్చింది."

"ఎక్కడో విదేశంలో రాశారు. నన్నేం చెయ్యమంటావ్?"

"ఎవరైనా మార్సుకోవచ్చని మొదటి పేజీలో ఉంది కదా? మీరు మార్సలేరా మేడం?"

పుస్తకం ఉచితమన్న మాటతోనే అనూరాధ ప్రిన్సిపాల్‌ని ఒప్పించింది. మార్చుకోవచ్చన్న వాక్యం కూడా చదివింది కానీ, తనకు సంబంధం లేనట్టు దాటేసింది. కోపం తగ్గలేదు కానీ, ఆ పిల్ల మీద మాత్రం నిలవలేదు.

లాప్‌టాప్‌లో ఆ పేజీ తెరిచి, చెరువు పేరా చెరిపేసింది.

"కూర్చో. వేటకెళ్లేటప్పుడు మీ బోటులో ఐసు ఎలా వేస్తారో చెప్పు."

గౌరీశ్వరి కుర్చీ లాక్కుంది. "ముందు ఐసు దిమ్మలు మరలో ఏసి పొడి సేత్తారు మేడం. ఆ పొడి కింద పరిసి, దాని మీద సేపలు, మళ్లీ..."

"మెల్లగా చెప్పు" అంది అనూరాధ, టైపు చేస్తూ.