మూడు వారాల సబ్బు

ఆ ఉదయం సబ్బులావిడ అరల ముందుకు నాలుగోసారి వచ్చి నిలబడింది.

రెండు వందల సబ్బులు. తేనె, ఓట్స్ పొడి, లావెండర్ నూనె, అన్నీ సమపాళ్లలోనే పడ్డాయి. చాలనిది ఒక్కటే, కాలం. ఆరు వారాలు ఆరితేగాని కాస్టిక్ సోడా ఘాటు చావదు. ఇవి ఆరింది మూడు వారాలే.

మధ్యాహ్నం శిశు సదనం బండి వస్తుంది. ఆమెకు దొరికిన మొదటి పెద్ద ఆర్డరు.

"ఆరినంత ఆరాయిలే. పెట్టెల్లో సర్దెయ్యనా?" అన్నాడు భర్త.

"సర్దండి... ఆగండి... ఊఁ, సర్దండి."

"ఏదో ఒకటి తేల్చవే!"

ఘాటు చచ్చిందో లేదో నాలుక కొసతో తాకి చూస్తే క్షణంలో తేలిపోతుంది. అందుకే పొద్దుట్నుంచి ఆమె తాకలేదు. తెలిస్తే ఆపాలి, తెలియకపోతే అమ్మొచ్చు. అదీ ఆమె లెక్క.

అంతలో ఒక పెద్దావిడ లోపలికొచ్చింది. అరిగిన చెప్పులు, నీళ్లలో నాని ముడతలు పడ్డ వేళ్లు. అడక్కుండానే ఒక సబ్బు తీసి నాలుకకు ఆనించింది.

"చురుక్కుమంటోందమ్మా. పసివాళ్లకు పనికిరాదు."

సబ్బులావిడ గొంతు లేచింది.

"పసివాళ్లకని మీకెవరు చెప్పారు? పక్కవీధి సబ్బుల కొట్టువాళ్లు పంపారా?"

"కాదమ్మా, విను. అంత తొందరేం లేదు, నువ్వు..."

"తొందర మీకు లేదు, నాకుంది! కొంటే కొనండి, లేకపోతే దారివ్వండి. ఊరికే దొరికే సలహాలు మా ఇంట్లోనే బోలెడున్నాయి."

భర్త తలెత్తకుండా అట్టపెట్టెకు టేపు అంటించాడు.

పెద్దావిడ సబ్బును తీసినచోటే పెట్టి వెళ్లిపోయింది.

మధ్యాహ్నం బండిలో వచ్చిన గుమాస్తా పెట్టెల్ని ముట్టుకోలేదు.

"ఆర్డరు రద్దయిందండీ."

"అదేంటి? చెప్పిన గడువుకే ఇస్తున్నాగా!"

"అదేనండీ వచ్చిన చిక్కు. మండుతుందని తెలిసీ పంపేవాళ్ల సబ్బు వద్దంది మా ఆయమ్మ. ముప్పై ఏళ్లుగా పిల్లలకు నీళ్లుపోసేది ఆవిడే. ఆవిడ ఊఁ అనందే మాకు సబ్బు రాదు."

సబ్బులావిడ పెట్టె మీద చెయ్యి ఆనించింది.

"పొద్దున వచ్చిన పెద్దావిడా...?"

"ఆవిడేనండీ. మీకు ఆర్డరు ఇప్పించిందీ ఆవిడే," అన్నాడు గుమాస్తా బండెక్కుతూ. "సబ్బు ఆరడానికి గడువు చాలదని మా సదనం మేడంతో పోట్లాడి ఇంకో నెల ఇప్పించి, ఆ మాట మీకు చెప్పడానికే పొద్దున ఇంతదూరం నడిచొచ్చింది."