సెలవు దొరకలేదన్నా!

"ఫోన్ ఎత్తకు!" అంది సుమలత, రెండు చేతులతో మ్యాపును కప్పేస్తూ. ఫోన్‌లోంచి అటువైపు వాళ్ళకు కనబడుతుందేమోనని ఆమె భయం.

దోహాలోని మెసైమీర్‌లో వాళ్ళుండే ఫ్లాట్‌లో, భోజనాల బల్ల మీద కెన్యా దేశం పరచి ఉంది. ఏనుగులుండే అంబోసెలి దగ్గర ఒక ఎండుమిరపకాయ, ఫ్లెమింగోలుండే నకూరు సరస్సు దగ్గర ఒక లవంగం. మసాయి మారా నిండా మినుములు. మినుములంటే వైల్డ్‌బీస్ట్ మందలు. జూలైలో అవి లక్షల్లో నది దాటుతాయట. సుమలత నెల రోజులుగా వాటిని వేలితో ఒక్కొక్కటే దాటిస్తోంది.

ఫోన్ జగిత్యాల నుంచి. ఆమె మొగుడు రత్నాకర్ వాళ్ళన్న సురేందర్ చేస్తున్నాడు.

ఏటా జూలైలో కంపెనీ సెలవిస్తే మొగుడూ పెళ్ళాలిద్దరూ అన్న ఇంట్లో దిగాల్సిందే. పాలపొడి డబ్బాలు, దుప్పట్లు మోసుకెళ్ళడం, చుట్టాలందరి ఇళ్ళూ తిరగడం, వీళ్ళను చూడవచ్చే చుట్టాలందరికీ సునంద వదిన వండి పెట్టడం. గల్ఫ్‌లో ఉన్నవాడి సెలవు వాడిది కాదు, ఊరందరిదీ. ఈసారి మాత్రం ఎవరికీ చెప్పకుండా నైరోబీకి టికెట్లు తీసేశారు.

"ఎత్తకుంటే ఇంకింత అనుమానమొస్తది," అని రత్నాకర్ ఫోన్ ఎత్తి స్పీకర్ పెట్టాడు. అబద్ధాలు అతని ఇంటావంటా లేవు. నోరు తెరవకముందే చెవులు ఎర్రబడతాయి.

"అన్నా... ఈసారి సెలవు దొరకలేదన్నా. సైటు మీద పనెక్కువుంది."



"అట్లనా," అన్నాడు సురేందర్ సన్నగా. "ఏం జేస్తం తమ్మీ. పైలం."

"గొంతు గట్లున్నదేందన్నా? పాణం మంచిగ లేదా?"

"ఏం లేదు. సూది ఏయించుకున్న. చెయ్యి లేస్తలేదు. జర జరమొచ్చింది."

"ఏం సూది?"

"ఏదో... డాక్టరు ఏసుకొమ్మన్నడు," అని అన్న ఫోన్ పెట్టేశాడు.

రత్నాకర్ కుర్చీలో కూలబడ్డాడు. "అన్న ఏడ్సిండు సుమా. నాకెరుక. జరంల ఉన్నోన్ని ఇడిసిపెట్టి సింహాలను చూసుడేంది?"

సుమలత మినుములు ఏరి డబ్బాలో వేయసాగింది. సగం మంద ఇంకా నది ఇవతలే ఉంది.

"పన్నెండేండ్లల్ల మనకు దొరికిన మొదటి సెలవు ఇది," అంది. ఏడుపొచ్చింది, ఏడ్చేసింది. తర్వాత కొంగుతో ముఖం తుడుచుకుంది. "సరే, ఇంటికే పోదాం. బావకు బాగలేదంటే నాకు మాత్రం మనసొప్పుతదా? చెయ్యి ఫోను."

రత్నాకర్ చేశాడు. "అన్నా! సెలవు దొరికిందన్నా! వస్తున్నం!"

అటు ఏదో గిన్నె కిందపడ్డ చప్పుడైంది.

"ఎట్ల దొరికింది?" అన్నాడు సురేందర్. ఆ గొంతులో ఇప్పుడు జ్వరం లేదు. "వద్దు తమ్మీ! ఇల్లంత తవ్వినం. టైల్స్ ఏస్తున్నరు. బాత్రూం గుడ లేదు!"

"నెల పడ్తదని చెప్పు," అంది వెనక నుంచి సునంద.

"నెల పడ్తది. మీరు ఆడ్నే మంచిగ రెస్టు తీస్కోండ్రి. వచ్చే ఏడు రాండ్రి."

ఫోన్ పెట్టేసరికి రత్నాకర్ కళ్ళు చెమర్చాయి. "చూసినవా? జరంల ఉండి గుడ మనకు తిప్పలు కావద్దని చూస్తుండు. అన్నంటే అన్ననే!"

సుమలత ఆ మాట వినలేదు. మినుముల డబ్బాను మళ్ళీ మసాయి మారా మీద గుమ్మరిస్తోంది.

ప్రయాణం దాకా ఉన్న ఆ పదిహేను రోజులూ ఆమె దోహాలో ఉండీ లేనట్టే. ఎదురు బిల్డింగు మీద క్రేన్లు కదిలితే జిరాఫీలు మేస్తున్నాయనుకునేది. దుమ్ముగాలి లేచి కిటికీ పసుపుపచ్చగా మారితే, అదంతా ఎండిన గడ్డి, దాని వెనక ఎక్కడో ఏనుగులు. కళ్ళు మూసుకుంటే చాలు, గడ్డి ఊగే చప్పుడు.

"సింహం జీపు పక్కకే వస్తదంట," అనేది.

"సప్పుడు చెయ్యకుంట కూసోవాలె."

"నేను కూసుంట."

"నువ్వా? అయితే సింహమే లేచిపోతది," అనేవాడు రత్నాకర్. ఆమె మిరపకాయ ఏనుగును అతని మీదికి విసిరేది.

ఆ రోజు రానే వచ్చింది. ఆఫ్రికా వెళ్ళేవాళ్ళకు టీకా వేసి ఇచ్చే పసుపు కార్డులు రెండూ పాస్‌పోర్టుల్లో పెట్టి, "యల్లా, నడువు!" అంది సుమలత.

పొద్దున్నే ఎయిర్‌పోర్టులో నైరోబీ గేటు దగ్గరికి చేరారు. హైదరాబాద్ నుంచి వచ్చి ఇక్కడ విమానం మారేవాళ్ళు అప్పటికే కూర్చుని ఉన్నారు. ముందు వరసలో ఒకావిడ, మట్టిరంగు ప్యాంటూ చొక్కా, నెత్తిన పెద్ద టోపీ, బైనాక్యులర్స్ పెట్టుకొని అద్దంలోంచి విమానాలను చూస్తోంది. పక్కనున్నాయన చేతిలో పాస్‌పోర్టు, అందులోంచి తొంగిచూస్తున్న పసుపు కార్డు.

ఆమె బైనాక్యులర్స్ మెల్లగా ఇటు తిప్పింది. సుమలత ముఖం మీద ఆపింది. అలాగే కిందికి దించింది.

"సునందక్కా!"

సురేందర్ గబుక్కున లేచాడు. "తమ్మీ... ఆ టైల్స్..." అన్నాడు. అతని చెవులు కూడా ఎర్రబడ్డాయి.

సునంద టోపీ తీసి చేతుల్లో నలుపుతూ, తలెత్తకుండా అంది:

"ఏమనుకోకు సుమా. పన్నెండేండ్లల్ల మాకు దొరికిన మొదటి సెలవు ఇది."