వైకుంఠం చేసిన మంచుదారి

వైకుంఠం కట్టిన హిమాలయం ఒక్క వానకే నీరైపోయింది.

నయాపూల్ దగ్గర బట్టల దుకాణం వాళ్లది. దుకాణం వెనక వరండాలో చెక్క పలక మీద మూడు నెలలుగా చేసిన కొండదారి అది. బొంబాయి నుంచి తెప్పించిన ప్లాస్టిక్ ముక్కలు అతికిస్తే అరచేతంత మిలిటరీ ట్రక్కు తయారైంది. దాని పక్కన వేలెడైనా లేని నలుగురు జవాన్లు. చుట్టూ మంచు.

మంచు కోసం ఉప్పు చల్లాడు.

శివరాత్రి మర్నాడు కాలం కాని వాన పట్టింది. తేమకు ఉప్పు కరిగి జవాన్లు బురదలో మిగిలారు.

"ఉప్పుతోని మంచు జేస్తరా సేటూ?"

వైకుంఠం తలెత్తి చూశాడు. పక్కన కడుతున్న మేడలో కూలిపని చేసే ఆగమ్మ. పని ఆగి వరండాలోకి వచ్చింది. తల మీద సిమెంటు సంచిని ముసుగులా కప్పుకుంది.

"నవ్వకమ్మా. ఉగాదికి లైబ్రరీల బొమ్మల పోటీల పెట్టాలె దీన్ని. నెల దినాలే ఉన్నది."



రెండేళ్ల కిందట యుద్ధం వచ్చినప్పుడు సైన్యంలో చేరతానని వెళితే, చూపు మందమని తిప్పి పంపారు. అప్పటినుంచి అతని మనసు ఇలా బొమ్మల మీదికి మళ్లింది. తండ్రి వెంకటనారాయణకు అది గిట్టదు.

"ఇదొక్కటి అయినంక అన్నీ అటక మీద వెట్టాలె. దుకాణంల కూసోవాలె," అని ముందే చెప్పేశాడు.

పోటీకి పెట్టేది ఇదే మొదటిది. ఇదే చివరిది కూడా.

వాన వెలిసింది. ఆగమ్మ వెళ్లి ఒక రేకు డబ్బాతో తిరిగొచ్చింది. అందులో మెత్తటి తెల్లని పొడి.

"పాలరాతి పొడి. మొజాయిక్ కోసం తెచ్చిండ్రు. గుండయ్య మేస్త్రీనడిగి తెచ్చిన. గంజి పూసి దాని మీద జల్లు. కరుగది, కదలది."

చల్లాడు. నిజంగానే కరగలేదు, కదల్లేదు.

ఆ రోజు నుంచి మధ్యాహ్నం అన్నం తిన్నాక ఆగమ్మ వరండా దగ్గరికి వచ్చేది. వచ్చినప్పుడల్లా ఒక తప్పు పట్టేది.

"మంచు అంతట ఒక్క తీరుగ వడది సేటూ. గాలి కొట్టె దిక్కు రాయి కనవడాలె. రాయెనక కుప్పవడాలె."

గీకి మళ్లీ చల్లాడు.

"టైర్లకు గొలుసులేవి? గిట్ల పోతె బండి జారి లోయల వడ్తది."

తెగిపోయిన గిల్టు గొలుసు తెచ్చి చక్రాలకు చుట్టాడు.

"దారికి రెండు దిక్కుల మనిషెత్తు గోడలుండాలె. మంచును కోసి దారి జేస్తరు గద."

గోడలు లేపాడు. బొమ్మ చూస్తే చలి వేసేటట్టు తయారైంది.

"నీకు గివన్ని ఎట్ల తెలుసమ్మా?" అని అడిగాడు ఒకరోజు.

"మా ఆయన ఆడనే పోయిండు సేటూ. లడాఖ్‌ల, మిలిటరీ దారి మీద. కొండ కూలింది. నేను గూడ..."

వైకుంఠం కళ్లలో నీళ్లు తిరిగాయి. తనను రానివ్వని చోట ప్రాణమిచ్చిన జవాను భార్య ఈమె!

"వద్దమ్మా, చెప్పకు. నాకు సమజైంది."

ఆగమ్మ అతని ముఖంలోకి కాసేపు చూసింది. తట్ట ఎత్తుకుని పనిలోకి వెళ్లిపోయింది.

ఉగాదికి లైబ్రరీలో జనం ఆ మంచుదారి చుట్టూ మూగారు. దానికే మొదటి బహుమతి వచ్చింది. బొమ్మ కింద వైకుంఠం ఒక చీటీ అంటించాడు: 'వీర జవాను భార్య ఆగమ్మకు.'

వెంకటనారాయణ కళ్లద్దాలు తుడుచుకుని రెండుసార్లు చూశాడు.

"అటక మీద వద్దులే. దుకాణం ముందట అద్దాల బీరువాల పెడదాం," అన్నాడు.

ప్రదర్శన ముగిసిన మర్నాడు వైకుంఠం దుకాణంలోంచి మంచి ఉన్ని శాలువా తీసుకుని పక్క మేడ దగ్గరికి వెళ్లాడు. గుండయ్య మేస్త్రీ ఒక్కడే ఉన్నాడు.

"ఆగమ్మ లేదు సేటూ. నిన్ననే రైలెక్కింది. మొన్న లైబ్రరీకి వచ్చి నీ బొమ్మ జూసింది. చీటీ నాతోని చదివిచ్చుకొని మస్తు నవ్వింది."

"నవ్విందా? ఎందుకు?"

"ఆమె మొగడు జవాను గాదు సేటూ. మా లెక్కనే కూలోడు. మేం పాలమూరోళ్లం ముప్పై మందిమి లడాఖ్‌ల మిలిటరీ రోడ్డు పని జేస్తం. చలికాలం పని బందైతె ఈడికొస్తం."



"బొమ్మ గురించి ఏమన్నది?"

"మంచు అచ్చం గట్లనే ఉంటదన్నది. దారి తీసెటోళ్లే ఒక్కలు గూడ కనవడ్తలేరన్నది."

"చేస్త. ట్రక్కు ముందట జాగ ఉన్నది," అన్నాడు వైకుంఠం. శాలువాను గుండయ్య చేతిలో పెట్టాడు. "నువ్వు పోయినప్పుడు ఆమెకియ్యి."

"వచ్చె వారమే పోతున్న. తప్పక ఇస్త."

"ఇంతకు ఆమెను ఏడ నిలవెట్టాలె? పార వట్టెటోళ్లల్లనా, తట్ట మోసెటోళ్లల్లనా?"

గుండయ్య నవ్వాడు.

"రెండిట్ల గాదు, అందరికన్న ముందట. ఈడనే నేను మేస్త్రీని, ఆడ మా అందరికి ఆమెనే మేస్త్రీ. ఆమె ముందు నడిచి, కట్టెతోని మంచు గుచ్చి చూసి, జెండా ఊపందే ఆ దారిల ఒక్క మిలిటరీ బండి కదలదు సేటూ."